ఎర్రచుక్క పెట్టని ఇల్లు

తెర మీద మరో ఇంటికి ఎర్రచుక్క పెట్టి యూనుస్ కుర్చీలోంచి లేచాడు. కుంటుకుంటూ నీళ్ల డబ్బా దాకా వెళ్లి గ్లాసు నింపుకున్నాడు. రెండు గుక్కలు తాగాక దాహం లేదని తెలిసి మిగతావి కిటికీలోని తులసికుండీలో పారబోశాడు. పొద్దున్నుంచి ఇదే వరస. కూర్చుంటే కుడికాలు తనంతట తానే ఊగుతోంది, లేస్తే ఎటు పోవాలో తోచడం లేదు.

ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గర, ట్రాక్టరు సామాన్ల దుకాణం పైన ఉంది ఆ ఆఫీసు. ఉపగ్రహాలు తీసిన బొమ్మలు చూసి గుర్తులు పెట్టడం అక్కడి పని. కొన్నాళ్లు పొలాలు వస్తాయి, ఎక్కడ వరి ఉంది, ఎక్కడ పత్తి ఉంది, ఏది బీడు పడిందని. కొన్నాళ్లు చెరువులు. ఈమధ్య సముద్రం ఒడ్డున తుఫాను వచ్చిపోయింది కాబట్టి ఇప్పుడన్నీ ఆ ఊళ్లే. తెర మీద ఎడమపక్క తుఫానుకు ముందు తీసిన బొమ్మ, కుడిపక్క తర్వాత తీసింది. ఇల్లు నిలిస్తే పచ్చచుక్క, కొంత దెబ్బతింటే పసుపు, కప్పు ఎగిరిపోతే ఎరుపు. ఏ ఊరికి ముందు సాయం పంపాలో ఆ చుక్కలను బట్టి చూసుకుంటారట.

యాభై దాటిన యూనుస్ అసలు రేకుల మేస్త్రీ. కోహెడ నుంచి కొంగరకలాన్ దాకా ఎన్ని కోళ్లఫారాలకు, ఎన్ని గోదాములకు రేకులు కప్పాడో లెక్క లేదు. భుజాలు ఇంకా అప్పటిలాగే వెడల్పుగా, కొంచెం ముందుకు వంగి ఉంటాయి. అరచేతుల నిండా రేకుల అంచులు గీరిన తెల్లని గీతలు. ఒక వానాకాలం, గోదాము మీద పాత సిమెంటు రేకు కాలికింద ఫెళ్లున విరిగింది. దవాఖానలో తొడలో రాడ్డు వేశారు. కాలు పొట్టిదైంది. ఇక నిచ్చెన ఎక్కనని భార్య రజియా బేగం తన తలమీద చెయ్యి పెట్టించుకుని ఒట్టు వేయించుకుంది.

అప్పట్లో బిడ్డ మెహెక్ ఈ ఆఫీసులోనే పనిచేసేది. ఆమెకు అన్నం గిన్నె తెచ్చి, వెనక నిలబడి చూసీ చూసీ తనూ పని నేర్చుకున్నాడు. పెళ్లై ఆమె వెళ్లిపోతే అదే కుర్చీలో ఈయన కూర్చున్నాడు. ఒకసారి తోచక, కొంగరకలాన్‌లో తాను కప్పిన ఫారాలు పైనుంచి ఎట్లా ఉంటాయోనని వెతికాడు. ఫారాలున్న చోట ఎర్రమట్టి రోడ్లు, ప్లాట్ల గళ్లు కనిపించాయి. మళ్లీ వెతకలేదు.

పొద్దున మహేశ్వర్ ఫోన్ చేశాడు. చాలా ఏండ్లు ఇద్దరూ ఒకే కప్పు మీద పనిచేసినవాళ్లు.

"అన్నా, సముద్రం దిక్కు పనికి పిలుస్తున్నరు. ఊరూరంత రేకులు లేసిపోయినయంట. పగటాల్ల బండి కడ్తున్న, చౌరస్తల ఉంట. వస్తవా?"

"నా కాలు సంగతి నీకెరక లేదారా?"

"నిన్ను ఎక్కమన్ననా? అందరు కొత్తోల్లే అన్నా. కింద నిచ్చెన పట్టుకొని చెప్పెటోడు లేడు."

"నేను రాను" అని పెట్టేశాడు. అప్పటినుంచే ఈ కాలు ఊగడం.

మధ్యాహ్నం అవుతుండగా ఒక ఇల్లు వచ్చింది. ఎడమపక్క నీలిరేకుల కప్పు. కుడిపక్క రేకుల్లేవు, పక్కటెముకల్లా పైపులు మిగిలాయి. ఎర్రచుక్క పెట్టబోయి యూనుస్ ఆగాడు. పైపుల చివర నల్లటి నలుసొకటి ఉంది. దాని పక్కన సన్నటి నీడ ఇసుక మీదికి సాగింది.

"కరుణమ్మా, జర ఇట్ల రా. ఈడ మనిషున్నడు."

అక్కడి పని చూసే కరుణ వచ్చి తెరమీదికి వంగింది. "మనిషి గింత దూరంకెల్లి ఎట్ల కనవడ్తడు చాచా? డ్రమ్మో ఏదో అయ్యుంటది."

"డ్రమ్ము పైపుల మీదికెట్ల ఎక్కుతది?"

ఆమె బొమ్మను పెద్దది చేసింది. నలుసు కాస్తా మసక గళ్లుగా చెదిరిపోయింది. "ఏమో చాచా, మనిషే కావచ్చు. మనిషికి మన దగ్గర రంగు లేదు గదా. ఇంటికి పెట్టు" అని మెల్లగా చెప్పి వెళ్లింది.

యూనుస్ కింద ఇసుకలో మరో నీడ కోసం వెతికాడు. నిచ్చెన పట్టుకున్నవాడి నీడ. గోడ వెంట వెతికాడు, వాకిట్లో వెతికాడు. లేదు. బొమ్మ తీసి అప్పటికే కొన్ని రోజులైంది. ఆ మనిషి క్షేమంగా దిగాడో, పడ్డాడో.

రజియాకు ఫోన్ చేశాడు.

"మహేశ్వర్ బండి సముద్రం దిక్కు పోతున్నది. నేను గూడ పోతున్న."

అవతల కుట్టుమిషన్ చప్పుడు ఆగింది. "ఒట్టు మర్సినవా, మెహెక్ అబ్బా?" బిడ్డ పేరు పెట్టే భర్తను పిలుస్తుంది రజియా.

"మర్వలే. నేను ఎక్క. నిచ్చెన పట్టుకుంట, గంతే."

"నీ ముంగట నిచ్చెన ఉంటే నువ్వు కింద నిలబడ్తవా? నేనెరగనా నిన్ను?"

యూనుస్ తెర మీది నలుసును చూస్తూ, "ఆడ ఒక్కడే ఉన్నడు రజియా, పైపుల మీద" అన్నాడు.

"ఎవరు?"

"తెల్వదు."

రజియా మిషన్ ముందు నుంచి లేచిన చప్పుడైంది. "నొప్పి గోలీలు జేబుల ఉన్నయా?"

"ఉన్నయ్."

"అయితే పో. ఆడికి ముట్టంగనే ఫోన్ చెయ్యి."

కరుణ ఎవరితోనో ఫోన్‌లో ఉంది. ఆయన చెయ్యెత్తితే, చాయ్‌కి పోతున్నాడనుకుని తలూపింది. గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగాడు యూనుస్. చౌరస్తాలో ఆదిభట్ల కంపెనీ బస్సు వెనక మహేశ్వర్ బండి ఆగి ఉంది. మహేశ్వర్ ముందు సీట్లోని తాళ్లచుట్టను వెనక్కి విసిరేసి, చెయ్యందించి పైకి లాగాడు. బండి కదిలే సమయానికి, పొద్దుటినుంచి ఊగిన కాలు ఎప్పుడాగిందో యూనుస్‌కే తెలియలేదు.

సాయంత్రం కరుణ ఒక్కొక్క కంప్యూటరే ఆపుకుంటూ ఆ కుర్చీ దగ్గరికి వచ్చింది. తెర మీద ఆ ఇల్లు అట్లాగే ఉంది, ఏ గుర్తూ లేకుండా. చుక్క పెట్టడానికి చెయ్యి చాపి, ఎందుకో వెనక్కి తీసుకుంది. కుర్చీలో, రజియా బేగం పాత దుప్పటి ముక్కలతో కుట్టిచ్చిన దూదిమెత్త ఒకపక్కకు దిగబడి, మనిషి ఇప్పుడే లేచిపోయినట్టు గుంట పడి ఉంది.