నడిచేవాళ్ళ దారి

మా కళ్ళముందే టిప్పర్ వెనక్కి వచ్చి వదినను రాతిగోడకు నొక్కేసింది. పైన రాళ్ళు నలగ్గొట్టే క్రషర్ ఆగలేదు. మేనేజరు దిగి వచ్చి ముందు బండి చుట్టూ తిరిగి చూశాడు. తర్వాత మనిషిని చూశాడు.

"బండి తీయండి. వెనక లైనంతా ఆగిపోయింది" అన్నాడు.

ఆమెకు సొంత పేరు ఉంది. కానీ క్వారీలో అందరికీ వదినే. గేటు దగ్గర వాచ్‌మన్‌కు వదిన, డ్రైవర్లకు వదిన. "ఇంతమంది మరుదులున్నారు, ఒక్కడూ నా గంప ఎత్తిపెట్టడేం?" అని నవ్వేది.

క్వారీ చూడనివాళ్ళకు చెబుతాను. అది పెద్ద గుంత. మూడు పక్కలా నిలువు రాయి. నాలుగో పక్క దిగే దారి. ఆ ఒక్క దారిలోనే లోడుబండ్లు ఎక్కాలి, ఖాళీబండ్లు దిగాలి, మేమూ నడవాలి. బండి వస్తే గోడకు వీపు ఆనించి, కడుపు లోపలికి పీల్చుకుని నిలబడాలి. చక్రమే మనిషంత ఎత్తు ఉంటుంది.

వెనక ఏముందో డ్రైవర్‌కు కనపడదు. అందుకే ఒకప్పుడు ప్రతి బండికీ క్లీనర్ ఉండేవాడు. బండి రివర్సు వచ్చేటప్పుడు వెనక నిలబడి ఇనుప తొట్టి మీద చేత్తో కొట్టేవాడు. ఒక దెబ్బ కొడితే ఆగమని. రెండు కొడితే రమ్మని. కాంట్రాక్టర్ దండగ అని క్లీనర్లను తీసేశాడు. అప్పటి నుంచి ఆ పని మా మీద పడింది. బండికి ఎవరు దగ్గరుంటే వాళ్ళే కొడుతున్నాం. చెయ్యమని ఎవరూ చెప్పలేదు. బతకాలి కాబట్టి అలవాటైంది.

ప్రాణం లేని వదినను పైకి తీసుకుపోయారు. డ్రైవర్‌ను బండ్లు తూచే కాటా గదిలో పెట్టి గడియ వేశారు. పోలీసులు వచ్చేదాకా ఎవరూ కదలకూడదని గేటుకు తాళం వేశారు. ఆమె భర్త, కూతురితో సహా మేమంతా గుంతలో ఉండిపోయాం. ఎండకు రాయి కాగుతోంది. తలెత్తితే గుంత మూతికి సరిపడా ఆకాశం కనిపిస్తుంది, అంతే.

"తాగి నడిపాడు వెధవ!" అంది బొంగురక్క. రాతిపొడి మింగి మింగి గొంతు పోయిన మనిషి ఆమె.

బండ్లకు రాళ్ళు ఎత్తిపోసే లోడర్ నడిపేవాడు గయ్యిమన్నాడు. "నోరు జారకు అక్కా. వాడికి టీ తాగే తీరికే లేదు, మందెప్పుడు తాగుతాడు?"

"మీకేం నాయనా, సీట్లో కూర్చుంటారు. చచ్చేది కింద నడిచేవాళ్ళం."

"ఒకసారి ఎక్కి చూడు. అద్దంలో దుమ్ము తప్ప ఇంకేమన్నా కనిపిస్తే నా చెవి కోసిస్తా."

"నీ చెవి ఎవడిక్కావాలి? మనిషిని తెచ్చివ్వు!"

డ్రైవర్లు ఒక పక్క, రాళ్ళు కొట్టేవాళ్ళు ఒక పక్క చేరారు. చొక్కాలు పట్టుకున్నారు. మేనేజరు పైనుంచి చూస్తూ నిలబడ్డాడు. ఆపలేదు.

తర్వాత తీరిగ్గా దిగి వచ్చి, వదిన భర్త దగ్గర గొంతుక్కూర్చున్నాడు. భర్త రాతికి బెజ్జాలు వేసే డ్రిల్లర్. బండ మీద కూర్చుని అరచెయ్యి చూసుకుంటున్నాడు. పక్కనే కూతురు. ఆ పిల్ల కూడా తల్లితో పాటు రాళ్ళు కొడుతుంది.

"డ్రైవర్ తాగి ఉన్నాడని పోలీసులకు ఒక్క మాట చెప్పు" అన్నాడు మేనేజరు. "నీ కూతురికి ఆఫీసులో పని. ఇంక ఈ గుంతలోకి దిగక్కర్లేదు. తల్లి ఎలాగూ పోయింది, పిల్లనైనా కాపాడుకో."

డ్రిల్లర్ కూతురి వైపు చూశాడు. మేమంతా అతని వైపు చూశాం. ఒప్పుకుంటే తప్పు పట్టే మొహం మాలో ఎవరికీ లేదు. పిల్లను పైకి పంపడానికి మాలో ఎవరైనా ఏదైనా చెప్పేవాళ్ళమే.

"ఆఫీసు కిటికీలోంచి కూడా ఈ దారే కనిపిస్తుంది నాన్నా" అంది ఆ పిల్ల.

డ్రిల్లర్ లేచాడు. "వాడు తాగలేదు. నేను కొట్టాను."

"ఎవర్ని?"

"బండిని. అది వెనక్కి వస్తుంటే అటుపక్కనుంచి ఒక దెబ్బ కొట్టాను, ఆగమని. ఇటుపక్కనుంచి మీ వదిన కూడా ఒకటి కొట్టింది, ఆగమనే. వాడికి రెండు వినిపించాయి. వచ్చేశాడు."

డ్రైవర్ల చొక్కాలు పట్టుకున్న చేతులు వాటంతటవే జారిపోయాయి.

బొంగురక్క వెళ్ళి అతని ఎదురుగా నిలబడింది. "నీ చేతిని చూసుకోకు అన్నయ్యా. నీ చేతికి క్లీనర్ పని తగిలించినవాడెవడో వాడి చెయ్యి చూడు."

"కట్టుకున్నదాన్ని నేనే చంపానని స్టేషన్లో చెబుతావా?" అన్నాడు మేనేజరు.

"చెబుతా. క్లీనర్లను తీసేసింది ఎవరో కూడా చెబుతా."

మేనేజరు మొహం మాడిపోయింది. "అయితే ఇక్కడే మాడండి" అని పైకి పోయాడు.

గేటు బద్దలు కొడదామన్నారు కొందరు. కాంట్రాక్టర్ కాళ్ళు పట్టుకుందామన్నారు కొందరు. లోడరువాడు అంతా విని, "గేటు వాళ్ళది, తాళం వాళ్ళది. రాయి మాత్రం మన దగ్గరుంది" అన్నాడు.

"విసురుదామంటావా?" అంది బొంగురక్క.

"పేరుద్దాం. దారిని రెండు చేద్దాం. గోడ పక్క మనుషులు, ఇటుపక్క బండ్లు."

డ్రైవర్లు గొణిగారు. "ఒక బండి ఎక్కేదాకా ఇంకోటి పైనే ఆగాలి. ట్రిప్పులు తగ్గితే మమ్మల్ని బతకనిస్తారా?"

"ఆగండి. రోజూ మేం ఆగడంలేదూ, గోడకు బల్లుల్లా అంటుకుని?" అంది బొంగురక్క.

మీసాల డ్రైవర్ ఒకడు నవ్వాడు. ముందు రాయి అతనే ఎత్తాడు.

దారి పొడుగునా నడుమెత్తు రాళ్ళ వరస లేచింది. డ్రైవర్ మోసిన రాయిని రాళ్ళు కొట్టేవాళ్ళు అందుకున్నారు. బండి రివర్సు తీసేచోట చుట్టూ రాళ్ళు పెట్టాం. అక్కడ సైగ చేసే మనిషి ఒక్కరే ఉండాలి, ఇంకెవరూ అడుగుపెట్టకూడదు అనుకున్నాం. వరస సగం దారి దాకా వచ్చేసరికి పోలీసు వ్యాను దిగింది. వెనక కారులో కాంట్రాక్టర్.

"ఆ రాళ్ళు తోసెయ్" అన్నాడు కాంట్రాక్టర్ లోడరువాడితో.

"తొయ్యను."

"రేపు ఏం తింటావు?"

"ఇవాళ ఒక మనిషిని తిన్నారు, ముందు అది చెప్పండి."

కాటా గదిలోని డ్రైవర్‌ను, డ్రిల్లర్‌ను, లోడరువాడిని, బొంగురక్కను వ్యాను ఎక్కించారు. ముందు వరసలో ఉన్నానని నన్నూ ఎక్కించారు.

"ఈ ముసలాయనెందుకయ్యా? ఆయన నోరు తెరవగా మేమే ఎరగం!" అని బొంగురక్క కేకలేసింది.

వ్యాను పైకి వచ్చేసరికి రెండో షిఫ్టు వాళ్ళు గేటు బయట నిలబడి ఉన్నారు. కాంట్రాక్టర్ తాళం తీయించి, "నాయకులంతా పోయారు. పనిలోకి దిగండి" అన్నాడు. వాళ్ళు లోపలికి వచ్చారు. ఒక్కరూ మా మొహం చూడలేదు. బొంగురక్క తల తిప్పుకుంది. వ్యాను జాలీలోంచి నేను చూస్తూనే ఉన్నాను.

వాళ్ళు మా వరస ఆగిపోయిన చోటికి వెళ్ళారు. తలా ఒక రాయి ఎత్తి, అక్కడి నుంచి గేటు వైపు పేర్చడం మొదలుపెట్టారు. మొదటి రాయి డ్రిల్లర్ కూతురు చూపించిన చోట పడింది.

వ్యాను ముందు సీట్లో కూర్చున్న ఇన్‌స్పెక్టర్ మా వైపు తిరిగాడు. "మీరంతా ఇక్కడే ఉన్నారు కదా! మరి వీళ్ళకెవరు చెప్పారు?"