ఆకుపచ్చ చుక్కలు

మా ఆయన కామేశ్వరరావు మీద నాకున్న ఫిర్యాదల్లా ఒకటే, మనిషి మరీ సాయం చేస్తాడు. నానబెట్టిన మినప్పప్పు నురగ కట్టిందని పారబోస్తాడు. ఆరని బట్టలు మడతపెట్టి బీరువాలో సర్దుతాడు. మొన్న నా ఉద్యోగానికీ సాయం చేశాడు.

ఉద్యోగమంటే మా కాశీబుగ్గ ఇంట్లో నవ్వుతారు. నాతో జువాలజీ ఎమ్మెస్సీ చదివిన దీప్తి హైదరాబాదులో మెదడు మూలకణాల మీద పరిశోధన చేస్తోంది. ఎలుక మెదడును మైక్రోస్కోపులో పొరలు పొరలుగా తీసిన ఫోటోలు పంపుతుంది. వాటిలో మూలకణాలు ఆకుపచ్చ చుక్కల్లా మెరుస్తాయి. కంప్యూటరు లెక్కపెడుతుంది, అది పొరబడిన చోట నేను దిద్దాలి. "ఎలకల బుర్రలు సూసి సూసి మా బుర్రలు తినేత్తన్నావే" అంటుంది మా అత్త రత్నాలమ్మ.

పదకొండేళ్లుగా మా జీడి ఫ్యాక్టరీలో పప్పు ఏరుతున్నాను. అది పనని కూడా ఎవరూ అనలేదు, "కూకుని ఏరడవే కదా" అన్నారు. ఆ కూర్చోవడమే నా కంటికి చదువు చెప్పింది. రెండు బద్దలు అతుక్కుంటే విరగని ఒక్క గుండులా కనబడతాయి. ఫోటోల్లోనూ అంతే. ఒకదాని కింద ఒకటున్న రెండు కణాలను కంప్యూటరు ఒకటనుకుంది. పొరలన్నీ జరిపి చూసి, ముప్ఫై చోట్ల రెండని గుర్తు పెట్టి, చారు పొంగుతోందని లేచాను.

తిరిగొచ్చేసరికి ఆయన తృప్తిగా కూర్చుని ఉన్నాడు. "కంప్యూటరు ఒకటంటే నువ్వు రెండంటావేటే? అన్నీ సరిసేసి పంపేసినాను. నీ పరువు కాపాడినాను."

మర్నాడు పొద్దున్నే దీప్తి ఫోను. "ఏమీ అనుకోకు యామినీ. నువ్వు ఒక్కటీ దిద్దలేదు. అలాగైతే మనిషెందుకు, ఆపేద్దామంటున్నారు మా సారు."

నాకు అలవాటైన మాట నాలుక చివరిదాకా వచ్చింది: "పొరపాటైపోయిందే, చూసుకోలేదు." ఆయన కట్టడం మరిచిన కరెంటు బిల్లుకీ, ఆయన తప్పు చెప్పిన చుట్టాల పెళ్లి ముహూర్తానికీ ఆ మాట నేనే అన్నాను. ఇల్లు ప్రశాంతంగా ఉండేది. ఈసారి ఆ మాట మింగేశాను. స్పీకరు నొక్కి ఫోను ఆయన చేతిలో పెట్టాను.

"మీరే చెప్పండి బావా."

"నానా? ఏటి సెప్పాల?" అంటూ తల్లి వైపు చూశాడు. అత్త కొబ్బరి కోరడం ఆపలేదు. "సేసింది సెప్పడానికి సిగ్గేటిరా? సెప్పు."

రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా దీప్తీ... మా ఆవిడ ముప్పై సోట్ల రెండనే పెట్టింది. నానే సెరిపేసినాను. నాకు తెల్దు, దానికి తెలుసు. తప్పు నాదమ్మా."