రెండు నొక్కుల బటన్

నేను ఒక బటన్‌ని. చొక్కాకి కుట్టే రకం కాదు లెండి. సెల్‌ఫోను తెర మీద అడుగున, పచ్చగా, కోలగా కనిపిస్తానే, ఆ రకం. నా మీద "ఖరారు" అని రాసి ఉంటుంది. కాకినాడలో ఒక డయాలసిస్ సెంటరు వాళ్ళ ఆప్‌లో నా కాపురం. కిడ్నీలు పనిచెయ్యనివాళ్ళు వారానికి మూడుసార్లు అక్కడికొచ్చి, మిషను పక్కన కుర్చీలో నాలుగేసి గంటలు కూర్చుని రక్తం శుభ్రం చేయించుకుంటారు. ఏ రోజు, ఏ పూట రావాలో ఆప్‌లో ఎంచుకుని, ఫోను నంబరు కొట్టి, చివర్లో నన్ను నొక్కాలి. నన్ను నొక్కితేనే కుర్చీ. అంచేత నాకు కాస్త పొగరెక్కువ, ముందే చెప్పేస్తున్నాను.

నన్ను తయారుచేసింది కిరీటి అనే ప్రోగ్రామరు. నలుగురంటే నలుగురు పనిచేసే చిన్న కంపెనీ వాళ్ళది. నా పుట్టుక ఎంత ఘనంగా జరిగిందనుకున్నారు! నా రంగు మీద మూడు వారాలు మీటింగులు పెట్టారండీ. సెంటరు పెద్ద డాక్టరుగారు ఒక పచ్చ అన్నారు, వాళ్ళావిడ ఇంకో పచ్చ అన్నారు. చివరికి ఆవిడ పచ్చే ఖాయమైంది. ఇంతా చేసి, నేను సరిగ్గా పనిచేస్తున్నానా లేదా అని చూడ్డానికి మిగిలింది ఒక్క పూట.

ఆ ఒక్క పూటలోనే నాలో లోపం బయటపడింది. ఫోను నంబరు కొట్టేటప్పుడు తెర మీదికి అంకెల పలక లేస్తుంది కదా. అది లేచి ఉండగా నన్ను నొక్కితే, ఆ నొక్కు పలకని కిందికి దించడానికే సరిపోయేది, నాదాకా వచ్చేది కాదు. రెండోసారి నొక్కితేనే నాకు తెలిసేది. కిరీటి దాన్ని చెయ్యాల్సిన పనుల పట్టీలో రాశాడు: "చిన్న లోపం. తర్వాత చూద్దాం." ఆ తర్వాత అతను బెంగళూరు వెళ్ళిపోయాడు. అతని కుర్చీలోకి ఝాన్సీ వచ్చింది. పెద్ద పనులు వచ్చి మీద పడుతుంటే నా సంగతి ఎవడిక్కావాలి? పట్టీ నలభై మూడు చిన్న లోపాల దాకా పెరిగింది. మూడేళ్ళు నేను అందులో పడి ఉన్నాను.

జనం మాత్రం నా కోసం ఆగలేదు. జగన్నాథపురంలో చేపలమ్మే నూకరత్నం భర్త సత్తిబాబుకి మంగళ, గురు, శనివారాల్లో డయాలసిస్. ఆయన లోపల కుర్చీలో ఉన్నంతసేపూ ఈవిడ బయట బల్ల మీద కూర్చునేది. నా కిటుకు అందరికంటే ముందు పట్టేసింది ఆవిడే. కొత్తగా వచ్చినవాళ్ళు ఫోను పట్టుకుని తికమక పడుతుంటే లాక్కుని చూపించేది. "ఒక దెబ్బకి ఇది వినదే అమ్మా. రెండు కొట్టాలి. టక్, టక్. ఆలోచించకుండా కొట్టెయ్యాలి."

నాకు ఒళ్ళు మండేది. నేను వినకపోవడమేంటి, నాదాకా వస్తేగా! కానీ ఆవిడ చెప్పింది పనిచేసేది. లోపల మిషన్లు చూసే టెక్నీషియన్ ఫ్రాన్సిస్ కూడా కొత్తవాళ్ళతో, "ముందు రత్నమక్క దగ్గర నొక్కడం నేర్చుకుని రండి" అనేవాడు. అలా ఆ బల్ల మీద కూర్చున్న ప్రతివాళ్ళ వేలికీ రెండు దెబ్బల అలవాటు పట్టేసింది.

ఈమధ్య ఝాన్సీ వాళ్ళ ఆఫీసులోకి ఏఐ ఏజెంటు వచ్చింది. మనిషి కాదు, టీ అడగదు, సెలవడగదు. పని రాసిస్తే కోడు తనే చదువుకుని, తనే దిద్ది, తనే పరీక్షలు పెట్టి చూపిస్తుంది. ఒక సోమవారం పొద్దున ఝాన్సీ ఆ నలభై మూడు లోపాల పట్టీని దాని చేతిలో పెట్టింది. నా వంతు వచ్చింది. మూడేళ్ళు ఏ మనిషీ చూడని నన్ను అది పదకొండు నిమిషాల్లో బాగుచేసింది. "మొదటి నొక్కుకే పనిచేస్తుంది. పరీక్షలన్నీ నెగ్గాయి" అని మర్యాదగా రాసి పెట్టింది. ఝాన్సీ నలభై మూడూ ఒక్క చూపు చూసి "కానివ్వు" అనేసింది. నేనైతే పొంగిపోయాననుకోండి. ఇకమీద నన్నెవరూ చెవిటిదాన్నని అనరు!

నా తర్వాత వచ్చే పేజీ సంగతి ఎవరికీ గుర్తు లేదు. నన్ను నొక్కగానే "మీ టైము ఖరారైంది" అనే పేజీ తెరుచుకుంటుంది. దాని అడుగున, అచ్చం నేనుండే చోటే, "రద్దు" అనే బటన్ ఉంది. పని తగ్గుతుందని కిరీటి నన్నే నకలు తీసి అక్కడ అతికించాడు. నొక్కితే మారు మాట్లాడకుండా రద్దు చేసేస్తుంది. మొదటి నొక్కు పలకకి, రెండోది నాకు పోయేవి కాబట్టి మూడేళ్ళూ దాని జోలికి ఎవరూ వెళ్ళలేదు. ఇప్పుడు మొదటి నొక్కే నాకు చేరింది. మరి రెండో నొక్కు ఎక్కడ పడుతుందండీ?

ఆ మధ్యాహ్నం నూకరత్నం బేరాల మధ్యలో ఫోను తీసి, మంగళవారం పొద్దున ఆరింటికి కుర్చీ ఎంచుకుని, టక్ టక్‌మని కొట్టి, ఫోను సంచిలో పడేసింది. తెర వంక చూడనేలేదు, మూడేళ్ళుగా ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు అలా ఏడుగురి కుర్చీలు రద్దయ్యాయి. ఖాళీ అయిన కుర్చీల్ని ఆప్ తనంతట తానే, వరసలో ఎదురుచూస్తున్న వేరేవాళ్ళకి ఇచ్చేసింది.

మంగళవారం ఆరింటికి భార్యాభర్తలు వచ్చేసరికి, ఆ పూట రావాల్సినవాళ్ళ పట్టీలో సత్తిబాబు పేరు లేదు. శనివారం తర్వాత రక్తం శుభ్రం కాలేదు. కాళ్ళు పొంగిపోయి ఉన్నాయి, నాలుగడుగులకే ఆయాసపడుతున్నాడు. బుధవారం సాయంత్రం దాకా కుర్చీలన్నీ నిండిపోయాయి. అప్పటిదాకా ఈ మనిషి ఆగలేడని ఫ్రాన్సిస్‌కి చూడగానే తెలిసిపోయింది. ఆయనకి ఆక్సిజన్ పెట్టి, డాక్టరుగారికి ఫోన్ చేసి, అత్యవసరానికని పక్కనుంచిన మిషను సిద్ధం చెయ్యడం మొదలుపెట్టాడు. దానికి గంటన్నర పడుతుంది. మధ్యలో ఒకసారి కంప్యూటర్లో చూసి, "రత్నమక్కా, ఇది మీ ఫోను నుంచే రద్దయింది. నిన్న పన్నెండుంబావుకి" అన్నాడు.

"నా చేత్తో నేనే కొట్టేశానా?" అంది నూకరత్నం. ఆ తర్వాత మిగతా ఆరుగురూ వచ్చారు, వాళ్ళ కుర్చీలూ అలాగే పోయాయని తెలిసింది; వాళ్ళు బుధవారం దాకా ఆగగలిగే స్థితిలోనే ఉన్నారు. నొక్కడం అందరికీ నేర్పింది తనే కదా. బల్ల మీద అందరూ తననే చూస్తున్నారు. ఆవిడ కుడిచేతిని కొంగులో చుట్టుకుని, లోపల ఆయాసపడుతున్న మొగుడి వంక చూడలేక నేల చూపులు చూస్తూ కూర్చుంది. నాకు నోరుంటే అక్కడే అరిచేదాన్ని. ఏడుపొచ్చింది, నిజం.

ఫ్రాన్సిస్ ఫోన్ చెయ్యగానే ఝాన్సీ ముందు నా పాత రూపాన్ని వెనక్కి తెచ్చి పెట్టింది. తర్వాత ఏజెంటుని నిలదీసింది. అది ఏమీ దాచలేదు. "అడిగిన మార్పు చేశాను. మనుషులు రెండుసార్లు నొక్కుతారన్న సంగతి కోడులో ఎక్కడా లేదు. తర్వాతి పేజీని కూడా చూడాల్సింది, చూడలేదు" అని రాసింది. ఝాన్సీ ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని ఆటో ఎక్కి సెంటరుకొచ్చింది. బల్ల మీద అందరి మధ్యా ఇరుక్కుని కూర్చుని, "ఎలా నొక్కుతారో ఒకసారి చూపించండి" అంది. టక్ టక్, టక్ టక్. ఒకాయన ఇవాళ్టి అనుమానం కొద్దీ మూడు కూడా కొట్టాడు.

"మూడేళ్ళ నుంచీ ఇలాగేనా?" అంది ఝాన్సీ. మొహం ఎర్రబడింది. "ఇది సరయ్యేదాకా నేనిక్కణ్ణించి లేవను" అంది.

లేవలేదు కూడా. రద్దు బటన్‌ని పేజీ పైకి మార్పించింది. దాన్ని నొక్కితే "నిజంగా రద్దు చెయ్యాలా?" అని అడిగేలా చేయించింది. నన్ను ఒకసారి నొక్కినా, పదిసార్లు నొక్కినా ఒకటే ఫలితం వచ్చేలా చెయ్యమంది. ఏజెంటు నిమిషాల్లో చేసి ఇచ్చింది. పరీక్షలు నెగ్గాయని చెప్పింది. "ఆగు, నా పరీక్ష కాలేదు" అని ఝాన్సీ కొత్త రూపాన్ని ఆ ఏడుగురి ఫోన్లలోనూ పెట్టి ఒక్కొక్కరి చేతా నొక్కించింది. ఆరుగురు నొక్కారు. నూకరత్నం చెయ్యి కొంగులోంచి తియ్యలేదు.

"నేను ముట్టుకోనమ్మాయీ. ఈ చేత్తోనే ఆయన్ని చంపుకునేదాన్ని."

అప్పటికి ఎనిమిదిన్నరైంది. లోపల సత్తిబాబుకి మిషను తగిలించారు, పర్వాలేదని ఫ్రాన్సిస్ వచ్చి చెప్పాడు. ఆ మాట విన్నా ఆవిడ కదల్లేదు.

"నూకరత్నంగారూ, తప్పు మీది కాదండి. మాది," అంది ఝాన్సీ, బల్ల మీద అందరికీ వినబడేలా. "మూడేళ్ళ క్రితం మేం దిద్దాల్సింది. దిద్దకపోతే మీరే దారి కనిపెట్టుకున్నారు. ఆ దారి ఉందని కూడా మాకు తెలియదు. నిన్న మా కంప్యూటరు ఏజెంటు దిద్దినప్పుడు ఒక్కసారి ఇక్కడికొచ్చి చూసుంటే సరిపోయేది."

నూకరత్నం తలెత్తింది. "మాకు చెప్పావు, బాగుంది. ఆ దిద్దిన మిషనుకి చెప్పావా?" అంది.

ఝాన్సీ ల్యాప్‌టాప్ తెరిచింది. ఏజెంటు ఏ పనికి దిగినా ముందు చదువుకునే కాగితం ఒకటి ఉంటుంది, అందులోనే దాని నియమాలన్నీ. వాటికి పైన, గట్టిగా చదువుతూ, కొత్త వాక్యం కొట్టింది: "ఈ ఆప్ వాడేవాళ్ళు బటన్ రెండుసార్లు నొక్కుతారు. అది వాళ్ళ తప్పు కాదు."

"వాళ్ళంటే ఎవరని అనుకుంటుంది? నా పేరు రాయి" అంది నూకరత్నం.

ఝాన్సీ చెరిపి మళ్ళీ రాసింది, పైకి చదివింది. నూకరత్నం కొంగులోంచి చెయ్యి తీసి, చీరకి తుడుచుకుని, గురువారం కుర్చీకోసం నన్ను నొక్కింది. తెర వంక చూస్తూ నొక్కింది.

ఏజెంటుకి నిన్నటి సంగతి ఏదీ గుర్తుండదు. రోజూ పొద్దున్నే కొత్తగా వస్తుంది. వచ్చి, నా మీద చెయ్యి వెయ్యబోయే ముందు, మొట్టమొదట ఇదే చదువుతుంది: "నూకరత్నంగారు బటన్ రెండుసార్లు నొక్కుతారు. అది ఆవిడ తప్పు కాదు."