టీవీలో కనిపించిన దెబ్బ

మూడో మోచేయి పక్కటెముకల్లో దిగినప్పుడు క్లియోటిస్ బరెల్‌కి ఊపిరి ఆగినంత పనైంది. మొదటిది దవడకు తగిలింది, రెండోది గొంతుకు. మూడింటినీ రిఫరీ చూశాడు. ఒక్కసారీ విజిల్ ఊదలేదు.

"ఏం సార్, కళ్ళు ఇంటి దగ్గర పెట్టొచ్చారా?" అన్నాడు బరెల్, నోట్లో ఊరిన రక్తం మింగుతూ.

"నోరు మూసుకుని ఆడు. ఇంకో మాటన్నావంటే బయటికి పంపిస్తా."

ఆ మోచేతులు ఎదుటి జట్టు స్టెగ్‌మన్‌వి. ఏడడుగుల తెల్లవాడు, మిన్నెసోటా పొలాల్లో గడ్డిమోపులెత్తి పెరిగిన మనిషి. బరెల్ మీద అతనికి పగేమీ లేదు. ఇద్దరి ఉద్యోగమూ ఒకటే. బుట్ట కింద జానెడు చోటు కోసం రెండు గంటలసేపు కుమ్ముకోవడం.

బరెల్ ఆ ఉద్యోగం కోరి తెచ్చుకున్నది కాదు. గ్యారీ ఊళ్ళో ఉక్కు కొలిమి దగ్గర పనిచేసిన నల్లవాడి కొడుకు. కాలేజీ బాస్కెట్‌బాల్‌లో ఆటకు ఇరవై మూడు పాయింట్లు కొట్టినవాడు. ఈ జట్టులోకి వచ్చిన మొదటి వారమే కోచ్ రుడాక్ గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"పాయింట్లు కొట్టడానికి డెనీ ఉన్నాడు. డెనీ ఒంటి మీద ఎవడి చెయ్యైనా పడితే, ఆ చెయ్యి మళ్ళీ లేవకుండా చూడటం నీ పని. అర్థమైందా?"

అర్థమైంది. నాలుగేళ్ళుగా అదే చేస్తున్నాడు. డెనీ హాల్వర్సన్ ఎండుగడ్డి రంగు జుట్టు ఊరంతా పోస్టర్ల మీద మెరిసేది. ప్రతి ఆటకు ముందూ బరెల్ అతన్ని పక్కకు పిలిచి చెప్పేవాడు: "ఇవాళ నిన్ను కాచేవాడికి అలసటొస్తే ఎడమకాలి మీద బరువేస్తాడు. అప్పుడు కుడివైపు నుంచి దూరు." డెనీ అలాగే దూరేవాడు. "ఏం బుర్రండీ, ఏం బుర్ర!" అని మురిసిపోయేవాడు టీవీ వ్యాఖ్యాత. అదే బరెల్ ఇద్దరి నెత్తుల మీదుగా బంతి లాక్కుంటే, "పుట్టుకతో వచ్చిన బలం, అడవి బలం" అనేవాడు. ఇంట్లో అతని భార్య ఎర్నెస్టీన్ ఆ మాట దగ్గర టీవీ గొంతు నొక్కేసి బొమ్మ మాత్రమే చూసేది.

ఆ మోచేతులు తిన్న రోజు, 1978 ఫిబ్రవరిలో, పరాయి ఊళ్ళో ఆట. ఇంకా ఏడు నిమిషాలుంది. స్టెగ్‌మన్ బంతి కోసం గాల్లోకి లేచాడు. డెనీ కావాలనే అతని కిందకు కాలు పెట్టాడు. ఏడడుగుల మనిషి వెల్లకిలా పడితే చెక్కనేల దద్దరిల్లింది. లేచేసరికి స్టెగ్‌మన్ ముఖం కందగడ్డలా ఉంది. నేరుగా డెనీ మీదికి ఉరికాడు. డెనీ పరిగెత్తి బరెల్ వెనక నక్కాడు.

"క్లీ! చూస్తావేంరా?" బెంచీ మీంచి కోచ్ అరిచాడు.

బరెల్ రెండు అరచేతులూ స్టెగ్‌మన్ ఛాతీకి ఆనించాడు. "వదిలెయ్, పెద్దోడా. వాడు చేసింది తప్పే. ఇక్కడితో..."

స్టెగ్‌మన్ పిడికిలి అతని ఎడమకంటి మీద పడింది. ఒక్క క్షణం అంతా తెల్లబడింది. ఆ తెలుపులోనే బరెల్ కుడిచెయ్యి లేచింది. దాన్ని తనే ఎత్తాడో, అదే లేచిందో తర్వాత ఎంత ఆలోచించినా తేలలేదు. సుత్తి కింద బొగ్గుపెళ్ళ పగిలిన చప్పుడైంది. స్టెగ్‌మన్ నిలువునా కూలాడు. నోరు మూతపడలేదు, కిందిదవడ పక్కకు వేలాడింది.

మరుక్షణం పద్దెనిమిది వేల గొంతులు ఒక్కసారిగా లేచాయి.

బీరు సీసా ఒకటి భుజానికి తగిలి పగిలింది. "నల్ల కోతీ! వాణ్ణి చంపండ్రా!" కంచె దూకి వచ్చినవాడెవడో మడతకుర్చీతో వీపు మీద బాదాడు. బరెల్ మోకాళ్ళ మీద పడ్డాడు. జట్టులోని మార్వెల్ టిబ్స్ అతని చొక్కా పట్టుకుని, దుస్తుల గదికి వెళ్ళే సొరంగం వైపు లాగాడు. "లేవన్నా, లే! ఇక్కడే పడుంటే తొక్కేస్తారు!"

సొరంగంలోకి చేరితే గండం గడిచిందనుకున్నారు. అక్కడ ఇద్దరు పోలీసులున్నారు.

"చేతులు వెనక్కి పెట్టు."

"నేనేం చేశాను? ముందు కొట్టింది..."

లాఠీ నెత్తిన పడింది. రెండో దెబ్బకు గోడ పట్టుకున్నాడు, మూడో దెబ్బకు గోడ జారిపోయింది. అడ్డం వచ్చిన టిబ్స్ మణికట్టు మీద నాలుగోది పడింది. ఇదంతా మెరిసే దీపాల కిందే జరిగింది. కానీ కెమెరాలన్నీ మైదానంలో స్ట్రెచర్ చుట్టూ మూగి ఉన్నాయి.

స్టెగ్‌మన్ దవడ రెండుచోట్ల విరిగింది. బరెల్ నెత్తికి పదకొండు కుట్లు పడ్డాయి. పత్రికల్లో మొదటిది మాత్రమే వచ్చింది.

ఆ వారమంతా దేశం మొత్తానికీ ఒకటే బొమ్మ చూపించారు. బరెల్ పిడికిలి లేవడం, స్టెగ్‌మన్ కూలడం. నెమ్మదిగా ఒకసారి, ఇంకా నెమ్మదిగా ఇంకోసారి. అందులో డెనీ అడ్డం పెట్టిన కాలు లేదు, స్టెగ్‌మన్ దెబ్బ లేదు. "ఒకప్పుడు బుర్రతో ఆడే ఆట, ఇప్పుడు ఎలాంటివాళ్ళ చేతుల్లో పడిందో చూడండి" అని రాశాడొక పెద్దమనిషి. ఎవరి చేతులో అతను చెప్పలేదు, చెప్పనక్కరా లేకపోయింది.

నాలుగో రోజు పొద్దున ఇంటి కిటికీలోంచి ఇటుక వచ్చి పడింది. కాఫీ పోస్తున్న ఎర్నెస్టీన్ చేతిలో గాజుముక్క దిగింది. బరెల్ తువ్వాలు చుట్టి గట్టిగా నొక్కిపట్టాడు.

"నువ్వు డెనీ ముందు నుంచి పక్కకు తప్పుకుని ఉంటే ఏమయ్యేది?" అందామె, నొప్పికి పళ్ళు బిగించి.

"వాడి ముక్కు పగిలేది."

"పగలనివ్వాల్సింది. ముక్కే కదా."

లీగ్ పెద్దలు విచారణకు పిలిచారు. దవడకు తీగలు బిగించిన స్టెగ్‌మన్ కూడా వచ్చాడు. డెనీ రాలేదు. "ఆ గందరగోళంలో నాకేమీ సరిగ్గా గుర్తులేదు" అని రెండు ముక్కల ఉత్తరం పంపాడు. స్టెగ్‌మన్ కాగితం అడిగి పెద్ద అక్షరాలతో రాసి బల్ల మీదకు తోశాడు: ముందు కొట్టింది నేనే.

లీగ్ అధ్యక్షుడు దాన్ని చదివి బోర్లా పెట్టాడు. "మంచి మనసు నాయనా నీది. కానీ జనం చూసింది వేరు కదా."

బరెల్‌కి అరవై రోజుల నిషేధం, జీతం కూడా లేకుండా. స్టెగ్‌మన్‌కి ఏమీ లేదు. గుమ్మం దగ్గర స్టెగ్‌మన్ ఏదో చెప్పబోయాడు. తీగలు మాట రానివ్వలేదు. ఊరికే తల అడ్డంగా ఊపాడు.

నిషేధం తీరిన రోజు ఆట మళ్ళీ పరాయి ఊళ్ళోనే. బరెల్ కాలు మోపగానే కోతికూతలు మొదలయ్యాయి. అరటిపండొకటి పాదాల దగ్గర చిట్లింది. దాన్ని దాటి వెళ్ళి తన చోటులో నిలబడ్డాడు.

మూడో భాగంలో ప్రత్యర్థి ఒకడు డెనీ నడుం మీద మోకాలితో కుమ్మాడు. డెనీ బోర్లా పడ్డాడు. హాలంతా బరెల్ వైపు తిరిగింది. వాళ్ళకు కావాల్సింది అదేనని అతనికి తెలుస్తూనే ఉంది. ఎప్పుడు కొడతాడా అని భయం, కొట్టకపోతాడేమోనని అంతకన్నా పెద్ద దిగులు.

"క్లీ! ఏం పీకుతున్నావక్కడ?" కోచ్ గొంతు చించుకున్నాడు.

బరెల్ వంగి డెనీని రెక్కపట్టి లేపాడు. "లే. ఫౌల్ ఇచ్చారు, వెళ్ళి షాట్లు వేసుకో."

ఇంకో రెండుసార్లు డెనీని పడగొట్టారు. రెండుసార్లూ బరెల్ లేపి నిలబెట్టాడు, అంతే. జట్టు తొమ్మిది పాయింట్ల తేడాతో ఓడింది.

దుస్తుల గదిలో డెనీ వాచిన పెదవితో మీదికొచ్చాడు. "నన్ను చావమని వదిలేశావు!"

"విచారణకు నువ్వొస్తావని రెండు గంటలు గుమ్మం వైపే చూశాను డెనీ."

"అది వేరే!"

"వేరే ఎలా అవుతుంది? చెప్పు."

డెనీ కొట్టాడు. పిడికిలి బిగించి, ముక్కు మీద. బరెల్ తల వెనకనున్న ఇనపబీరువాకు ఠంగున తగిలింది. రక్తం గడ్డం మీదుగా ఛాతీ మీదికి కారింది.

ఎవరూ కదల్లేదు. బరెల్ తలెత్తి అందరినీ చూశాడు. కోచ్ అప్పటికే రెండడుగులు వెనక్కి వేసి తలుపు పట్టుకున్నాడు. నాలుగేళ్ళుగా ఒకే బల్ల దగ్గర అన్నం తిన్నవాళ్ళు అతని కుడిచేతినే చూస్తున్నారు. టీవీలో ఆ బొమ్మ చూసినవాళ్ళ కళ్ళూ ఇవే అయ్యుంటాయి. లాఠీ దెబ్బలకన్నా ఈ చూపే లోతుగా దిగింది. కొట్టాలని చెయ్యి దురదపెట్టింది, అబద్ధమెందుకు. దవడ చప్పుడు చెవిలో మోగింది. పిడికిలి విప్పి, తువ్వాలు తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్ళాడు.

మర్నాడు పత్రికలో వచ్చింది: సొంత జట్టువాడి మీదా బరెల్ దాడి. టిబ్స్ ఆ పత్రికాఫీసుకే వెళ్ళి కొట్టింది డెనీ అని గొంతు చించుకుంటే, మూడు రోజుల తర్వాత లోపలి పేజీలో నాలుగు వరుసలు వేశారు. అప్పటికే బరెల్‌ని జట్టులోంచి తీసేశారు. ఆ వేసవిలో ఇంకే జట్టూ పిలవలేదు. ఇటలీ నుంచి మాత్రం ఒక పిలుపు వచ్చింది.

ప్రయాణం సామాన్లు కడుతుంటే ఫోన్ మోగింది.

"నేనే, స్టెగ్‌మన్‌ని. తీగలు తీసేశారు. మాంసం నములుతున్నా." ఒకవైపే కదిలే నోటితో నెమ్మదిగా మాట్లాడాడు. "ఆసుపత్రిలో ఉండగా నాకు నాలుగు సంచుల ఉత్తరాలొచ్చాయి. సగం నన్ను పరామర్శించనే లేదు. నిన్ను తిట్టాయి, అంతే. మీ జాతిని తిట్టాయి. నా దవడ పేరు చెప్పుకుని."

బరెల్ సామాను పెట్టె మీద కూర్చున్నాడు.

"నేను చెయ్యి పడనిచ్చాను స్టెగ్‌మన్. ముందు నువ్వు కొట్టావన్నది నిజమే. కానీ అంత గట్టిగా కొట్టనక్కర్లేదు. ఆ చప్పుడు ఇంకా వినపడుతూనే ఉంది."

"నాక్కూడా" అన్నాడు స్టెగ్‌మన్. తర్వాత ఇటలీలో బుట్టలు ఎంత ఎత్తులో ఉంటాయో అడిగి ఫోన్ పెట్టేశాడు.

ఇటలీలో బరెల్ అయిదేళ్ళు ఆడాడు. అక్కడా కొన్ని ఊళ్ళలో కూతలు కూశారు. మొదటి ఆటకు ముందు కొత్త కోచ్ నల్లబల్ల మీద ఆట బొమ్మ గీసి, వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాడు: "మనం ఎలా ఆడదాం? నువ్వు చెప్పు." బరెల్ సుద్దముక్క తీసుకున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనంత ఉంది చెప్పడానికి. ఆ రోజు ముప్పై ఒక్క పాయింట్లు కొట్టాడు.