సగం తెర

బొటనవేలికి బూడిద రాసుకుని నర్సింగం మరో పోగు అందుకున్నాడు. మరమగ్గం సాంచా వెనుక, నేలకు జానెడు ఎత్తున్న పీట మీద మోకాళ్ళు విడదీసి కూర్చున్నాడు. పడుగు దారం చుట్టి ఉండే బీము అయిపోయి, దాని పోగుల కొసలు ఎదురుగా విరబోసిన జుట్టులా వేలాడుతున్నాయి. కొత్త బీము పోగులు ఒళ్ళో పడి ఉన్నాయి. పాతదొకటి, కొత్తదొకటి పట్టి, వేళ్ళ మధ్య మెలితిప్పి, ముడివేసి వదులుతాడు. ముడి కంటికి కనిపించదు. వైపని అంటే అదే. బీము అయిపోయిన ప్రతి సాంచాకూ కొత్త బీమును పోగు పోగుగా అతకాలి. ఒక్కటి తప్పినా బట్ట పొడుగునా గీత పడుతుంది.

ఆయనకు వేరే పని రాదు. నలభై ఏళ్ళు కావొస్తోంది, సూరత్ లింబాయత్‌లోని ఈ షెడ్లలో ఒక సాంచా వెనుక నుంచి మరో సాంచా వెనక్కి జరుగుతూ వయసంతా గడిచిపోయింది. వీపు వంగింది. కుడి బొటనవేలి గోరులో దారం ఒరిసి ఒరిసి గాడి పడింది. మోతకు చెవులు సగం పోయాయి. అందుకే ఫోను మోగితే వినపడదని, వణుకు తెలిసేలా బనియన్ లోపల ఛాతీకి ఆనించి పెట్టుకుంటాడు.

పక్క సాంచాలు నడిపే పరుశురాం వంగి చెవి దగ్గర అరిచాడు.

"ఏందే నర్సింగన్నా, ఇయ్యాల అల్లుడొస్తుండట గద! కోడిని కోస్తవా, నిన్నే కోస్తడా?"

"జర పని చేసుకోనియ్యిరా."

పరుశురాం వెళ్ళలేదు. నవ్వు తగ్గించి మళ్ళీ వంగాడు. "సేఠ్ నన్ను అడిగిండే. ఆ వీడియోల పిల్ల నర్సింగ్ భాయ్ మనుమరాలేనా అని. మద్రాసు వ్యాపారులు ఫోన్లు చేస్తుర్రట. సూరత్‌ల గొడవలట గద, మేం మల్లెప్పుడన్న వస్తమంటుర్రట. బయటికెళ్ళి బతకనొచ్చినోళ్ళు మా ఊరు ఇజ్జత్ తీస్తుర్రు అన్నడు."

"నువ్వేమన్నవ్?"

"నాకు గుజరాతీ రాదన్న."

పరుశురాం పుట్టిందే ఈ బస్తీలో. నర్సింగానికి నవ్వు రాలేదు. చేతిలో పోగు తెగింది. దాన్ని వెతికి పట్టుకునేలోగా ఛాతీ మీద ఫోను వణికింది. అల్లుడు సోమలింగం పర్వత్ పాటియా దగ్గర బస్సు దిగాడట.

సోమలింగం సూరత్ రావడం ఇదే మొదలు. కూతురు నీరజను తీసుకుపోవడానికి వచ్చాడు. రెండేళ్ళ కిందట ఆ పిల్లను ఇక్కడ కాలేజీలో చేర్పించింది నర్సింగమే. తన దగ్గరే ఉండి చదువుకుంటుందని, ఊరు మంచిదని, అర్ధరాత్రి ఆడపిల్ల ఒంటరిగా వచ్చినా పలకరించేవాడుండడని, కూతురు వినోదను ఫోనులో పోరి పోరి ఒప్పించాడు. ఈ ఏడు కాలేజీవాళ్ళు నడిమధ్యలో ఫీజు పెంచారు. పిల్లలు గేటు ముందు కూర్చున్నారు. పోలీసులు వచ్చి బ్యానరు లాగారు. దాన్ని ఎవరో ఫోనులో తీశారు. ఊపిరి పీల్చి విడిచేంత సేపే ఉందా వీడియో. నర్సింగం చూడకముందే సిరిసిల్ల దాటి ఊళ్ళో ఇంటింటికీ చేరింది.

అల్లుడు ముక్కుకు తువ్వాల చుట్టుకుని రోడ్డు పక్కన నిలబడి ఉన్నాడు. గడ్డం మాసింది. చేతిసంచిని కడుపుకు అదుముకున్నాడు. తువ్వాల దుమ్ముకోసమే కావచ్చు. కానీ దాన్ని చూడగానే నర్సింగం రోడ్డు దాటకుండా ఇటే ఆగిపోయాడు.

ప్లేగు వచ్చిన ఏడు సూరత్ అంతా అట్లాగే ముక్కులకు గుడ్డలు కట్టుకుంది. భార్య పోశమ్మను, ఆరేళ్ళ వినోదను రైలెక్కించినప్పుడు వాళ్ళ కళ్ళు మాత్రమే కనిపించాయి. వెనకే తనూ వెళ్ళాడు. ఊళ్ళోవాళ్ళు పొలిమేరలోనే ఆపారు. వేపాకు నీళ్ళు పోయించి, బావి మోటరు కొట్టంలో ఉంచి, అన్నం దూరంగా పెట్టి పోయేవారు. రోగం కొన్నాళ్ళలోనే పోయింది. సూరత్ కడిగినట్టు శుభ్రమయింది. కానీ మామ మాత్రం, "ఆ ఊరికి నా బిడ్డను తోలియ్య" అన్నాడు. మామ పోయాక బావమరుదులు అదే మాట అన్నారు. తర్వాత తాపీనది వరద వచ్చి వాళ్ళ మాటకు బలం చేకూరింది. "సూరత్ మంచిదే" అని నర్సింగం ఏటా బతుకమ్మ పండక్కి పోయినప్పుడల్లా చెప్పాడు. పోశమ్మ తల వంచుకుని బీడీలు చుడుతూ వినేది. నమ్మినట్టే ఉండేది. కానీ రాలేదు. ఆమె పోయిందని ఫోను వస్తే బస్సెక్కాడు. దిగేసరికి స్నానాలు చేసి అందరూ ఇంటికి వస్తున్నారు.

ఆటో కాలేజీ ముందు నుంచే పోయింది. వేరే దారి లేదు.

గేటు పక్కన పట్టా పరుచుకుని పిల్లలు కూర్చున్నారు. ఒక పిల్ల పుస్తకం చదువుకుంటోంది. ఒక పిల్లవాడు బత్తాయి వొలిచి తొనలు పంచుతున్నాడు. కుర్చీలో కూర్చున్న పోలీసుకూ ఒక తొన ఇస్తే, ఆయన నోట్లో వేసుకుని గింజ ఊశాడు.

సోమలింగం తల బయటికి పెట్టి వెనక్కి తిరిగి మరీ చూశాడు. "గింతేనా మామా?"

"గింతే అల్లుడా. రోజూ గిట్లనే కూసుంటరు."

"మరి ఊళ్ళె సూరత్ తగలబడుతుంది అంటుర్రు."

"ఊళ్ళెకు బత్తాయి తొన వీడియో రాలే."

సోమలింగం ముక్కు మీది తువ్వాలను మెడలోకి జార్చుకున్నాడు. నర్సింగం అది చూశాడు. ఇంకొక్క మాట అన్నా చెడిపోతుందేమోనని భయం వేసింది.

గది గుమ్మం దగ్గర నర్సింగం దగ్గాడు. నీరజ వచ్చినప్పటి నుంచి అదొక అలవాటు. లోపల ఒకటే గది. ఆమె వచ్చిన వారం, షెడ్డులో గీతపడి పక్కన పడేసిన తానులోంచి ముక్క అడిగి తెచ్చి, ఈ గోడ నుంచి ఆ గోడకు తీగ లాగి తెర కట్టాడు. ఇటు ఆయన చాప, అటు ఆమె మంచం. దగ్గకుండా ఆయన ఏనాడూ తెర దాటలేదు. ఇప్పుడు ఆ తెర సగమే ఉంది. బ్యానరుకు గుడ్డ కావాలని నీరజ అడిగితే, "కోసుకో బిడ్డా" అన్నాడు. "తలదిక్కు ఉంటె సాలు తాతా, కాళ్ళకేం సిగ్గు?" అని నవ్వుతూ ఆమె సగం కోసింది.

"అరే బాపూ, మెడల గా తువ్వాలేంది, పహిల్వాన్ లెక్క!" అంటూ నీరజ ఎదురొచ్చింది. సన్నటి పిల్ల. పోశమ్మ నుదురు, పోశమ్మ కనుబొమలు. తండ్రి నవ్వబోయి ఆగిపోయాడు. ఆమె కుడి మణికట్టు చుట్టూ గాజు తొడిగినట్టు ఎర్రగా వాత ఉంది. వేలెడు వెడల్పున తోలు లేచి ఎండింది.

అన్నాలు తిన్నారు. వినోద పంపిన మామిడికాయ తొక్కును నీరజ వేలితో నాకి కళ్ళు మూసుకుంది. చేతులు కడుక్కున్నాక సోమలింగం ఫోను తీసి మామకు ఇచ్చాడు.

"నువ్వు సూడనే లేదంటివి గద. సూడు."

నర్సింగం ఫోనును కిటికీ వెలుగులో పట్టుకున్నాడు. ఎర్ర అక్షరాల బ్యానరు. తన తెర అని పోల్చుకున్నాడు. ఆ గీత కనిపిస్తూనే ఉంది. పోలీసు ఒక చివర కర్ర పట్టి లాగాడు. గుడ్డ ఊడలేదు. మళ్ళీ లాగాడు. కర్ర వెంట నీరజ వచ్చింది. పడింది. మణికట్టుకున్న దారం ఊడక, కర్ర ఎటు పోతే అటు ఆమెను రోడ్డు మీద ఈడ్చుకుపోయింది. అంతే. మళ్ళీ మొదటి నుంచి మొదలయింది.

ఆ దారం కట్టింది ఆయనే. ఆ గొడవకు ముందురోజు పొద్దున పనికి పోబోతూ, బ్యానరును కర్రలకు ఆయనే కుట్టి బిగించాడు. గాలికి కర్ర జారుతుందని, చేతికి తగిలించుకోను ఉచ్చు పెట్టి వైపని ముడి వేశాడు. లాగినకొద్దీ బిగిసే ముడి. సాంచా రోజంతా గుంజినా ఊడని ముడి. వేసి, ఒకసారి లాగి చూసుకుని, బాగుందనుకుని పనికి పోయాడు.

"పాపం, ఆ పోలీసాయన గుడ్డనే గుంజిండు బాపూ," అంది నీరజ. "ఇగ వస్తది, ఇగ వస్తది అనుకున్నడు. తాత ముడి గద, వస్తదా?" అని తాత వైపు చూసి నవ్వింది. ఆమెకు అది నిజంగా నవ్వులాటే. "ఆఖరికి ఆయననే బ్లేడు తెచ్చి కోసిండు. దవాఖానకు పోదామా బేటీ అన్నడు. అది ఎవ్వడు ఫోన్ల తియ్యలే."

నర్సింగం ఫోను తిరిగి ఇచ్చేశాడు. గాడి పడిన గోరును మరో బొటనవేలితో కప్పుకున్నాడు.

సోమలింగం ఫోను జేబులో పెట్టుకున్నాడు. చెడ్డవాడు కాదు. సిరిసిల్లలో సాంచాలు నడుపుతాడు. కూతురు చదువుతోందని పదిమందికి చెప్పుకునే మనిషి.

"వినోద తిండి తింటలేదు మామా. సూరత్‌ల ఆడపిల్లను ఎట్ల ఉంచినవని ఊరంత నన్ను తిడుతుంది. నేను పట్టుకపోదామనే వచ్చిన. కాని తొవ్వల ఆ పోరగాళ్ళను సూసినంక నా మనసు మనసుల లేదు." తలెత్తాడు. "పుట్టినకాడికెళ్ళి నేను ఇన్నది వేరేటోళ్ళ మాట. నువ్వు నలభై ఏండ్లున్నవ్. నువ్వు సెప్పు. గీ ఊరు మంచిదేనా? పిల్లను ఉంచుమంటె ఉంచుత."

నలభై ఏళ్ళలో ఆయనను ఆ మాట అట్లా అడిగినవాళ్ళు లేరు. అడగకపోయినా చెబుతూ వచ్చాడు. ఇప్పుడు అల్లుడు అడిగాడు.

నీరజ తాత ముఖంలోకి చూసింది. "సెప్పు తాతా."

నోరు తెరిచాడు. మంచిదే అనాలి. ఒక్క మాట. నాలుక మీదికి వచ్చింది కూడా. కానీ కళ్ళ ముందు ఆ మణికట్టు ఉంది. సేఠ్ అడిగిన మాట ఉంది. రేపు మళ్ళీ గేటు దగ్గర కూర్చుంటుంది ఈ పిల్ల. ఎల్లుండీ కూర్చుంటుంది. తను గట్టిగా అనుకుని కట్టిందే పిల్లను ఈడ్చుకుపోయింది. ఇంకేదైనా అయితే, ఉంచుమన్నవాడు తనే అవుతాడు.

ఫ్యాను తిరుగుతోంది. వీధిలో ఎవరో పాత ఇనుము కొంటామని అరుచుకుంటూ పోయారు. ఆ కేక సందు మలుపు తిరిగేదాకా నర్సింగం నోరు అట్లాగే తెరిచి ఉంది. తర్వాత మూసుకున్నాడు.

"సరే," అన్నాడు సోమలింగం మెల్లగా. "బట్టలు సదురుకో బిడ్డా."

నీరజ ఇంకా కొంతసేపు తాతనే చూసి, లేచి తెర వెనక్కి పోయింది. సగం తెర కింద ఆమె పాదాలు అటూ ఇటూ తిరగడం ఆయనకు కనిపిస్తూనే ఉంది.

సాయంత్రం బస్సు దగ్గర ఆమె సంచి జిప్పు ఊడిపోయింది. పుస్తకాలు ఎక్కువయ్యాయి. నర్సింగం జేబులోంచి నైలాను దారం తీసి సంచికి చుట్టాడు.

"గట్టిగ కట్టు తాతా. తొవ్వల ఊడుతది." మధ్యాహ్నం తర్వాత ఆమె మాట్లాడిన మొదటి మాట అది.

ఆయన తల అడ్డంగా ఊపాడు. జారుముడి వేశాడు. "గీ కొస పట్టి ఒక్కపారి గుంజితె వస్తది బిడ్డా. ఎవ్వరు గుంజినా వస్తది."

ఆమె ఆ కొసను వేళ్ళతో తడిమింది. బస్సు కదిలినప్పుడు కిటికీలోంచి చేయి ఊపింది. వాత ఉన్న చేయే. వాహనాల పొగలో ఆ చేయి ఎక్కడ ఆగిందో ఆయనకు తెలియలేదు.

తిరిగి షెడ్డుకు పోయి మిగిలిన బీము అతికాడు. పరుశురాం చాయ్ గ్లాసు తెచ్చి పీట పక్కన పెట్టి పోయాడు. అది అట్లాగే చల్లారింది. పని పూర్తయ్యాక సాంచా ఆడించి చూశారు. ఒక్క పోగూ తెగలేదు.

గది గుమ్మం దగ్గర ఆగి, నర్సింగం దగ్గాడు. కాసేపు ఆగి మళ్ళీ దగ్గాడు. లోపలికి వెళ్ళి లైటు వేశాడు. తీగ మీద తెర తలవైపుకే లాగి ఉంది. కత్తెర పడిన అంచు పొడవునా తెల్లటి పోగులు ఊడి, దేనికీ అతకకుండా, ఫ్యాను గాలికి ఖాళీ మంచం మీదికి కదులుతున్నాయి.