బొట్టు క్రింది వేణునాదము

జలధరములు తమ భారము దించుకొని యెటకో తరలిపోగా కడిగి యారవేసిన కోరాబట్టవలె నాకసము శుభ్రమై వెలయుచుండ కాలువగట్టుల ఱెల్లుపూలు తెల్లగా తలలూపుచుండ సముద్రపు గాలి యుప్పుచల్లదనమును మోసికొనివచ్చి వీథివీథిని పంచిపెట్టుచుండిన శరత్కాలమున నొక మహానవమి నాడు చీరాల పట్టణమందలి మగ్గములన్నియు చప్పుడు మాని పసుపుకుంకుమలు దాల్చి పూజలందుకొనుచుండెను. ఎవరి పనిముట్టు వారికి దైవమగు దినమది. సాలెవాడు పడుగులో నూలు నడపు నాడెకు మ్రొక్కెను. కంసాలి సుత్తికి మ్రొక్కెను. రిక్షావాడు చక్రము క్రింద నిమ్మకాయ పెట్టి తొక్కించెను.

ఊరి పెండ్లిండ్లకెల్ల పాటలు పెట్టు మైకుసెట్టు మస్తానయ్య మాత్రము తక్కువ తినెనా? దుకాణమును తుడిచి మామిడితోరణము కట్టి కొబ్బరికాయ కొట్టి మైకునకు బొట్టు పెట్టెను, బాగుండెను. యాంప్లిఫయరునకు పెట్టెను, మఱియు బాగుండెను. అంతటితో నూరకుండిన నీ కథయే లేదు. అతనికి ప్రాణసమానమైన రికార్డొకటి కలదు. "సాగరవేణి" యను చలనచిత్రము యొక్క నేపథ్యసంగీతము మాత్రమే యందులో నుండెను. మాట లేక పాట లేక వీణలును వయొలినులును మృదంగములును తమలో తామే కథ చెప్పికొను నా నల్లని పళ్లెరమును చేతులార నెత్తి కన్నులకద్దుకొని మస్తానయ్య భక్తిపారవశ్యమున నూనెలో మేదించిన కుంకుమను వ్రేలితో తీసి సరిగా గీతలమీదనే యింత బొట్టు పెట్టెను! అయ్యో, ఏమి చెప్పుదును! మఱునాటికది గట్టిపడగా బ్లేడు తెచ్చి గోకెను. బొట్టు పోయెను. బొట్టుతోపాటు గీతలును పోయెను.

ఆ తావుననే చిదానందయ్య వేణువు కలదు.

చిదానందయ్య యా యూరి సాలెవారి బిడ్డ. పగలు మగ్గము నేయుచు సంధ్యవేళల పిల్లనగ్రోవి నూదుచు కాలము గడపుచుండిన యాతని నెవరో మదరాసునకు గొనిపోగా "సాగరవేణి" సంగీతదర్శకుడు విని ముచ్చటపడి నాయిక యొంటరిగా తీరమున నిలుచు ఘట్టమునకు కొంచెము సేపు వాయింపజేసెను. అంతియే యాతని సినిమాభాగ్యము. ఇంటికి తిరిగివచ్చిన పిదప విషజ్వరము సోకి కూతురు వకుళ యుయ్యాలలో నుండగనే కన్నుమూసెను. చిత్రమా, ప్రదర్శనశాలలలో నిలువలేక చాపచుట్టెను. కొనువారు లేక రికార్డుల కంపెనీవారు దాని ముద్రణము మానిరి. ఎక్కడనో యుండిన కొద్దిప్రతులును కాలగర్భమున గలిసెను. చీరాలలో మిగిలినదెల్ల మస్తానయ్య రికార్డొక్కటియే.

మేనమామ పెండ్లికూతును గంపలో కూర్చుండబెట్టుకొని పీటలయొద్దకు దెచ్చు శుభసమయమున మస్తానయ్య యా రికార్డునే పెట్టువాడు. మధురముగా సాగి సాగి బొట్టుతావు రాగానే ముల్లు టక్కుమని యెగిరి యావలి గీతలో పడును. వినివిని బ్యాండుమేళమువారును ఆ వరుసనే నేర్చికొని ముల్లెగురుచోట డోలుమీద నొక దెబ్బ వేయ మొదలిడిరి. క్రమముగా నా దెబ్బయు సంగీతములోని భాగమే యని యూరంతయు నమ్మెను. అది పడనిదే గంప దించరాదని శాసించిన ముత్తయిదువలును గలరు!

వకుళ పెరిగి పెద్దదై బాలికల పాఠశాలలో నుపాధ్యాయిని యయ్యెను. ఇంటిగోడమీద తండ్రి ఫొటో కలదు, చూచుటకు కన్నులు చాలవు. అయిన ఫొటో పలుకదు గదా. లోకములో తన తండ్రి యూపిరి మిగిలిన చోటొక్కటే, అదియు కుంకుమచే చెఱిగిపోయెను. ఏ పెండ్లికి పోయినను డోలుదెబ్బ పడినంతనే అందఱు నక్షతలు వేయుచుండగా నామె గుప్పిట యట్లే బిగిసిపోవును. బొట్టుకు ముందు రికార్డును నిండుగా విన్నవాడు మస్తానయ్య యొక్కడే గనుక నామె తఱచుగా నతని దుకాణమునకు బోయి యడుగుచుండెడిది.

"బాబాయ్, ఒక్కసారి పాడి చూపించవా, ఎట్లా ఉంటదో."

"నేను పాడితే మీ నాన్న పరువు పోద్ది తల్లీ. నా గొంతు నీకు తెలవదా ఏంది?" అని యతడు తల వంచుకొనును. అడుగగా నడుగగా నొకప్పుడు కూనిరాగము దీసెడివాడు. వరుస తెలిసెను గాని యామె యాకలి తీరలేదు.

కావున వకుళ కోరిక యొక్కటే. ఆ సంగీతమును కంపెనీవారు మరల విడుదల చేయవలెను. సెలవులు వచ్చినపుడెల్ల మదరాసు రైలెక్కి వారి కార్యాలయమునకు బోయి కూర్చుండెను. అచటి యధికారి చెడ్డవాడు కాడు. కాఫీ తెప్పించి సానుభూతితో వినెను. "అసలు టేపు మా దగ్గర భద్రంగానే ఉందమ్మా. కానీ ఆడని సినిమా, అందులోనూ పాటల్లేని సంగీతం. ఎవరు కొంటారు చెప్పండి?" అనెను.

తిరిగివచ్చిన యామె ముఖమును మస్తానయ్య చూచెను. మఱునాడే యతడు దుకాణము మూసి చెప్పులు తొడిగికొని తాను పాట పెట్టిన పెండ్లిండ్ల యిండ్లన్నింటికిని బయలుదేరెను. ఎవరి పెండ్లిలో వాన వచ్చెనో ఎవరి పెండ్లిలో మగపెండ్లివారలిగిరో యన్నియు నతనికి కంఠస్థమే.

"అమ్మా, నీ పెళ్లిలో గంప తెచ్చేటప్పుడు నేను పెట్టిన పాట గుర్తుందా? అది మళ్లీ రావాలంట. కావాలని ఇక్కడ సంతకం పెట్టు."

"ఎందుకు గుర్తులేదు మస్తానయ్యా! మా ఆయన ఇప్పటికీ ఈల వేస్తాడు. అయితే ఆ టక్కు ఉంటదా? టక్కు లేకపోతే మాకొద్దు" అనెను ప్రసాదమ్మ యను నిల్లాలు చేట దించుచు.

"ఆ టక్కు కిందనే వకుళమ్మ నాన్న ఉన్నాడమ్మా" అనెను మస్తానయ్య.

ప్రసాదమ్మ కొంగుతో చేతులు తుడుచుకొని సంతకము చేసెను. చేసి యూరకుండక మగనిచేత చేయించెను, తోడికోడలిచేత చేయించెను, ప్రక్కయింటివారిని పేరుపెట్టి పిలిచెను. ఆ మాట యీ నోట నా నోట పడి యూరంతయు పాకగా నిన్నాళ్లు డోలుదెబ్బకు నవ్వుచు తలలూపినవారందఱు నాలుక కఱచుకొనిరి. పెండ్లియైన దంపతులును పెండ్లి కావలసిన కన్నెలును బ్యాండువారును కట్టకట్టుకొని వచ్చి మాకొక ప్రతి మాకొక ప్రతి యని చేవ్రాలు చేసిరి. వకుళ గొనిపోయిన యా సంతకముల కట్టను జూచిన మదరాసు అధికారి ముక్కున వ్రేలు వేసికొని యంగీకరించెను. "సాగరవేణి" రికార్డుగను కేసెట్టుగను పునర్జన్మ మెత్తెను.

పెట్టెలు రైలు దిగిన యా హేమంతసాయంకాలమున మస్తానయ్య దుకాణము ముందు వీథి పట్టనంత జనము గూడెను. అతడు చేతులు కడిగి తుడుచుకొని క్రొత్త రికార్డును పెట్టి ముల్లు దించెను. వీణలు పలికెను. వయొలినులు తరంగములై లేచెను. ఆ తావు సమీపింపగానే యభ్యాసవశమున బ్యాండుమేస్త్రి దెబ్బకై చేయెత్తెను, జనమంతయు తలలూపుటకు సిద్ధమయ్యెను. టక్కు రాలేదు. మేస్త్రి చేయి గాలిలోనే నిలిచిపోయెను. వాద్యములన్నియు నొదిగి దారి యీయగా నొంటరియైన వేణువొకటి మెల్లగా నడచివచ్చెను.

వరుస యామె యెఱిగినదే. కాని మస్తానయ్య కూనిరాగమెన్నడు నీయజాలని దొకటి యందు గలదు. ఒక స్వరము ముగిసి మఱియొకటి మొదలగు నడుమ వాదకుడు గాలి పీల్చికొనిన సవ్వడి స్పష్టముగా వినబడెను. బ్రతికియున్న మనుష్యుని యూపిరి! వకుళ నోటికి కొంగు అడ్డము పెట్టుకొని "నాన్నా" అనెను. పుట్టి బుద్ధెఱిగినది మొదలు ఆ మాటతో నామె యెవ్వరిని పిలిచి యెఱుగదు.

రికార్డు ముగిసెను. మస్తానయ్య యామెయెదుట నిలువలేక చేతులు జోడించెను.

"నా చేత్తో పెట్టిన బొట్టే మీ నాన్న గొంతు మూసింది తల్లీ. ఇన్నేళ్లూ నీ మొహం చూడాలంటే సిగ్గేసేది."

"అట్లా అనబాకు బాబాయ్" అని వకుళ యతని చేతులను విడదీసి పట్టుకొనెను. "కావాలని చేశావా ఏంది? ముద్దొచ్చి పెట్టావు. మా నాన్నను ముద్దు చేసినోళ్లు ఈ ఊళ్లో ఇంకెవరున్నారు? చెప్పులరిగేదాకా ఊరంతా తిరిగి ఆయన్ని తెచ్చిచ్చావు. నీ రుణం నేను తీర్చుకోలేను" అని వంగి యా వృద్ధుని పాదములనంటెను. అతడు బావురుమని యేడ్చెను. ప్రసాదమ్మయు నేడ్చెను. మేస్త్రి యటు తిరిగి నిలుచుండెను.

జనము తలకొక కేసెట్టు చేతబట్టుకొని యిండ్లకు జేరిన పిదప వకుళ యొంటరిగా తన యింటిదారి పట్టెను. దీపములు వెలిగించువేళ యయ్యెను. నేతవారి వీథిలో నడుగుపెట్టినంతనే మొదటి యింటి కిటికీనుండి యా వేణువు వినబడెను. నాలుగడుగులు వేయునంతలో నచటిది సన్నగిల్లి యెదురింట నపుడే మొదలయ్యెను. ఆవలి సందులో మఱియొకటి యందుకొనెను. ఆమె నడక నెమ్మదించెను. ఉయ్యాలలోని బిడ్డను విడిచి వెడలిన చిదానందయ్య యా సాయంకాలము చీరాలలో నింటింటను నూపిరి తీసికొనుచు కూతురిని గుమ్మముదాక దిగబెట్టెను.