పొడుగు క్రాంకు, పొట్టి క్రాంకు

కరుణాకరం ఒక పట్టు పట్టాడంటే విడిపించడం మనుషుల వల్ల కాదు. మార్కాపురం పలకల గనుల్లో బండలు లేపీ లేపీ చేతులు కాయలు కాసిన మనిషి. గడ్డపార ఎంత పొడుగుంటే బండ అంత సులువుగా లేస్తుందని అతనికి ఒకరు చెప్పనక్కర్లేదు. అందుకే జాషువా సైకిల్ దుకాణంలో స్టూలు మీద కూర్చుని, "నూట డెబ్బై అయిదే తెప్పించు. పొడుగుదే. ఇంక మాట లేదు" అని తేల్చేశాడు.

పక్కనే నిలబడ్డ కూతురు ఫెబీ నెత్తి కొట్టుకుంది.

సంగతేమిటంటే, ఫెబీ ట్రాక్ మీద సైకిల్ పందేలాడే పిల్ల. గిద్దలూరు రోడ్డు మీద లారీలతో పోటీపడి తొక్కుతుంటే చూసి నవ్వినవాళ్లే, జిల్లా పోటీల్లో అందర్నీ వెనక్కి నెట్టేసరికి ముక్కున వేలేసుకున్నారు. హైదరాబాదు కోచ్ ఒకాయన పిలిచి నేర్పించి, ఒక పాత ట్రాక్ సైకిల్ కూడా చేతిలో పెట్టాడు. ఆ సైకిలుకు బ్రేకులుండవు, గేర్లుండవు. చక్రం తిరుగుతున్నంతసేపూ పెడల్ తిరగాల్సిందే, కాలు ఆపుదామంటే కుదరదు. మన రాష్ట్రంలో సైకిల్ పందేల ట్రాకు లేదు గనక, శనివారం హైదరాబాదు వెలోడ్రోమ్‌లో రాష్ట్ర జట్టుకు ఎంపిక. జూనియర్లలో ఫెబీకి ఇదే ఆఖరి ఏడాది. తీరా ఇప్పుడు చూస్తే, పెడల్‌ను మోసే క్రాంకు పగుళ్లిచ్చింది. అది తిరిగే ఇరుసు, అంటే దుకాణాల్లో బీబీ అంటారే, అది లోపల అరిగి గరగరమంటోంది. రెండూ మార్చకపోతే ఎంపికకు వెళ్లీ లాభం లేదు.

హైదరాబాదు డీలరు దగ్గర రెండు క్రాంకులున్నాయట. ఒకటి నూట డెబ్బై అయిదు మిల్లీమీటర్ల పొడుగు, ఇంకోటి నూట అరవై అయిదు. "ఏదో ఒకటి తొందరగా చెప్పండి, ఇక్కడ ఇంకొకాయన కూడా అడుగుతున్నాడు" అని ఫోను పెట్టేశాడు.

"నాయనా, నా మాట ఇను. నాకు పొట్టిదే కావాల."

"పొట్టిదానికి బలం యాడుంటది పాపా? గడ్డపారను సగానికి కోసి బండ లేపమంటే లేపుతావా?"

"ఇది బండ కాదు నాయనా!"

"బరువే గదా! తొక్కేది బరువునే గదా! నువ్వు నిన్నగాక మొన్న పుట్టినావు, నాకు చెప్తాండావా?"

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, అతని మాటలో తప్పేమీ లేదు. తప్పల్లా అతను ఆ ట్రాక్‌ను ఎన్నడూ చూడకపోవడమే. పైగా నా కూతురికి అన్నిటికంటే పొడుగుది తెస్తున్నానని పొద్దున్నే గనిలో అందరికీ చెప్పేశాడు. మగాడి నోట్లోంచి అలాంటి మాట ఒకసారి జారిందంటే వెనక్కి తీసుకోవడం అంత తేలికా!

ఫెబీ కళ్లలో నీళ్లు తిరిగాయి. కోపం కూడా వచ్చింది. చుట్టూ చూసింది. దుకాణం గోడకు ఆనించి ఒక పాత తలుపు రెక్క ఉంది.

"జాషువా చిన్నాయనా, ఆ తలుపు ఇట్ల పట్టు" అంది.

జాషువాకు ఏమీ అర్థం కాకపోయినా పట్టాడు. మంచి మనిషి. తలుపును అడ్డంగా పడుకోబెట్టి, ఒక అంచు నేల మీద ఉంచి రెండో అంచును బల్ల మీదికి ఎత్తించింది. ఆ వాలు మధ్యలో సైకిల్‌ను నిలబెట్టి, పై అంచు కుడివైపుకు వచ్చేలా చూసుకుని, కాస్త కింది అంచు వైపుకు వాల్చి పట్టుకోమంది.

"ట్రాకు మలుపు ఇట్లుంటది నాయనా. గోడ మాదిరి. బాగా జోరుగా పోతే సైకిల్ ఇంకా వాల్తది, అప్పుడు ఏదైనా పర్లేదు. మెల్లంగా పోయినప్పుడే చిక్కు. అప్పుడు సైకిల్ ఇంతకు మించి వాలదు."

కరుణాకరం పెద్దగా నవ్వాడు. "పందెంలో మెల్లంగా ఎందుకు పోతావే?"

"ఇద్దరమే ఉంటాం. ముందు పోయినోళ్లకే గాలంతా తగుల్తది. ఎనక నక్కినోళ్లు ఆఖర్న దాటుకొని పోతారు. అందుకని నువ్వు ముందు పో అంటే నువ్వు ముందు పో అని, గోడెక్కి నడిచినట్టు పోతాం. చూడు."

కుడి పెడల్‌ను చేత్తో కిందికి తిప్పింది. పాత క్రాంకు నూట అరవై అయిదుదే. పెడల్‌కూ తలుపుకూ మధ్య చిటికెన వేలు పట్టీపట్టనంత సందు మిగిలింది. తర్వాత పెడల్ ఊడదీసి, క్రాంకుకు ఒక గట్టి పుల్ల కట్టి, సరిగ్గా పది మిల్లీమీటర్లు పొడిగించి, దాని కొనకు పెడల్‌ను బిగించి కట్టి మళ్లీ తిప్పింది. పెడల్ తలుపును గీరుకుని అక్కడే ఆగిపోయింది. దాంతోపాటు వెనక చక్రం కూడా పైకి లేచింది.

కరుణాకరం స్టూలు మీంచి లేచాడు. నేల మీద బోర్లా పడుకుని, చెంప తలుపుకు ఆనించి, "ఇంకోసారి తిప్పు" అన్నాడు. ఇంకోసారి తిప్పింది. ఇంకోసారి గీరుకుంది.

"ఇట్ల తగిల్తే ఏమైతది?"

"ఏమైతది, గోడ మీంచి కిందికి జారి పడతా. ఎనకొచ్చేది నా మీంచి పోతాది."

అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు. గడ్డపార జారితే మహా అయితే కాలి వేలు పోతుంది. ఇక్కడ పోయేది పిల్ల. తన చేత్తో తనే ఆ పిల్లను కింద పడేసేవాడు. ఎవరి ముఖమూ చూడకుండా జాషువా చేతిలోని ఫోను లాక్కుని తనే డీలరుకు కలిపాడు.

"అయ్యా, పొట్టిది! పొట్టిదే! పొడుగుది నాకొద్దు, నువ్వు ఊరకే ఇచ్చినా వద్దు!"

జాషువా నోరు వెళ్లబెట్టాడు. ఫెబీ ఎగిరి గంతేసి తండ్రి మెడకు చుట్టుకుంది.

అక్కడితో అయిపోతే బాగుండేది. డీలరు అవతలనుంచి, ఆ క్రాంకుకు సరిపోతుందని రాసి ఉన్న బీబీ రేపటిగ్గానీ రాదు, ఇరుసు కాస్త పొడుగున్నది వేరే ఉంది, దాన్నే పార్సిల్లో వేసేస్తాను, పది మిల్లీమీటర్ల తేడాకు ఏమీ కాదు అన్నాడు.

"పది మిల్లీమీటర్లా!" కరుణాకరం అరుపుకు రోడ్డు మీద పోయేవాళ్లు తిరిగి చూశారు. "పది మిల్లీమీటర్లంటే ఎంతో నాకిప్పుడే తెలిసింది, నాకు చెప్పమాక!" ఫోను చేత్తో మూసి కూతురి వైపు తిరిగాడు. "పాపా, ఇరుసు పొడుగైతే ఏమైతది?"

"ముందర పళ్ల చక్రం బయటికి పోతాది నాయనా. చైను వంకరగా లాగుతాది. ఊడితే మనకాడ బ్రేకుల్లేవు, ఆపేదానికి ఆ చైనే దిక్కు."

"ఇన్నావా అయ్యా? దానికి రాసి పెట్టిందే కావాల. రేపొస్తే రేపే. పార్సిల్ ఒద్దు, మేమే వచ్చి ఆడే బిగించుకుంటాం." జాషువా వైపు చూశాడు. "నువ్వూ వస్తాండావు. పానాలన్నీ సర్దుకో."

"అన్నా, దుకాణం..."

"దుకాణం యాడికీ పోదులే."

అలా సైకిల్‌తో సహా ముగ్గురూ బస్సెక్కారు. శుక్రవారం డీలరు దుకాణం ముందే జాషువా బీబీ బిగించి, క్రాంకు తగిలించాడు. చైను ముందు చక్రం నుంచి వెనక చక్రానికి గీత గీసినట్టు తిన్నగా వచ్చింది. ఫెబీ క్రాంకును చేత్తో ఒక్క తోపు తోస్తే చప్పుడు లేకుండా తిరిగింది. "అబ్బ, ఎంత బాగుంది నాయనా!" అని అక్కడే చిందులేసింది.

శనివారం వెలోడ్రోమ్‌లో అడుగుపెట్టిన కరుణాకరం మలుపును చూసి గుండె చేత్తో పట్టుకున్నాడు. "ఇదేంది జాషువా, ఇది గోడే! దీని మీద పిల్లోళ్లను తిప్పుతారా?" తలుపు రెక్క మీద చూసింది ఇక్కడ మిద్దె ఎత్తున ఉంది. దుకాణంలో తను పట్టిన పట్టు తలుచుకుని సిగ్గుతో తనను తనే తిట్టుకున్నాడు.

ఫెబీ పడకుండా, ఓడకుండా చివరి పందెం దాకా వచ్చింది. అవతల విశాఖపట్నం వైపు పిల్ల, మంచి పొడగరి. గెలిచినవాళ్లకే జట్టులో చోటు. ఇద్దరూ బయల్దేరారు. ఆ పిల్ల గడుసుది. మలుపులో ఉన్నట్టుండి వేగం తగ్గించి పైపైకి ఎక్కింది. ఫెబీ కూడా ముందుకు పోకుండా ఆమె వెనకే పైకెక్కింది. ఇద్దరూ నడిచినంత మెల్లగా, ఆ గోడ అంచున!

కరుణాకరం కటకటాల దగ్గర మోకాళ్ల మీద కూలబడి, కమ్మీల సందులో తల దూర్చాడు. కూతురి ముఖం చూడలేదు, ముందెవరో వెనకెవరో చూడలేదు. కుడి పెడల్ కిందికి వస్తోంది. చిటికెన వేలంత సందు. పోయింది. మళ్లీ వస్తోంది. "తగల్లా, ప్రభువా, తగల్లా" అని గొణుగుతున్నాడు. ఆ పిల్ల ఒక్కసారిగా కిందికి దూకింది, ఫెబీ వెంటపడింది, జనం లేచి కేకలు పెట్టారు. అతని కళ్లు మాత్రం ఆ పెడల్‌ను వదల్లేదు. గుండ్రంగా, గుండ్రంగా, కనబడనంత జోరుగా తిరుగుతోంది. అవతలి మలుపులో కూడా దాన్నే వెతుక్కున్నాడు.

జాషువా చొక్కా పట్టి లేపేసరికి ఉలిక్కిపడ్డాడు. "ఏమైందిరా? పడిందా?"

"పడేదేందన్నా! గెలిచింది! చక్రమంత తేడాతో గెలిచింది! నువ్వు చూళ్లేదా?"

కరుణాకరం ఆ సిమెంటు మెట్ల మీదే కూర్చుని పసిపిల్లాడిలా బోరుమన్నాడు. ఫెబీ ఒగరుస్తూ, చెమట కారుతున్న ముఖంతో, కమ్మీల దగ్గరికి వచ్చి ఆనుకుంది.

"నాయనా, చూసినావా? ఆఖర్న ఎట్ల దాటినానో చూసినావా?"

అతను కమ్మీల్లోంచి చెయ్యి చాచి కూతురి చెంప పట్టుకున్నాడు.

"అంతా చూసినా తల్లీ," అన్నాడు. "యాడా తగల్లా."